ఇంటి వేలు

బస్సులు బందైనప్పటి నుంచి జనగామ పెద్దరోడ్డు మీద కుక్కలు నడిమధ్యన కాళ్లు చాపుకొని పడుకుంటున్నాయి. తెలంగాణ రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె. ఆఫీసులకు తాళాలు, బడులకు తాళాలు, బొగ్గుబాయిలు బంద్. బొగ్గు లేక కరెంటు కూడా దానికి బుద్ధి పుట్టినప్పుడే వస్తోంది. ఊళ్లో గిరాకీ తగ్గని పని ఒక్కటే, అది బొమ్మల పని.

రోడ్డు పక్కన దేవదాసు రేకుల షెడ్డు ముందు బొమ్మలు బారుగా నిలబడి ఉన్నాయి. వేలు చూపిస్తున్న అంబేద్కర్లు ఇద్దరు, మక్కకంకులు పట్టుకొని ఇంకా రంగు పడని తెలంగాణ తల్లి, ఏదో ఊరి చర్చివాళ్లు చేయించి మళ్లీ ఇటు తొంగిచూడని మరియమ్మ. వీళ్ల నడుమ ఒళ్లంతా సిమెంటు కొట్టుకొని దేవదాసు కూడా ఓ బొమ్మలాగే ఉంటాడు. దగ్గితే గానీ మనిషని తెలియదు.

ఆ పొద్దున అతను గోనెసంచి మీద కూర్చొని, ఛాతీ దాకా ఉన్న ఓ కుర్రాడి సిమెంటు బొమ్మకు గరుకు కాగితం రుద్దుతున్నాడు. ఆ కుర్రాడి పేరు ప్రేమ్‌చంద్. కురవి దగ్గర తండా. రాస్తారోకోలో రోడ్డుకు అడ్డం కూర్చుంటే లారీ ఆగలేదు. అతని విగ్రహాన్ని మానుకోట చౌరస్తాలో పెట్టాలని అక్కడి కమిటీ పెద్ద పాపయ్య చేయిస్తున్నాడు. ఎల్లుండి ఆవిష్కరణ. ఇక రంగులు మిగిలాయి, అంతే.

ఈ బొమ్మతో దేవదాసుకు ఒక్కటే వెలితి. అతనికో పట్టింపు ఉంది. మట్టితో మొహమంతా తీర్చాక, ప్లాస్టరు పోసి అచ్చు తీసే ముందు, పోయిన మనిషి ఇంటివాళ్లు ఒకరైనా రావాలి. చూడాలి. చూసి, చెవి వెనక తడిమట్టి మీద బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కాలి. దాన్ని అతను ఇంటి వేలు అంటాడు. ఆ నొక్కు మట్టిలోంచి అచ్చులోకి, అచ్చులోంచి సిమెంటులోకి వస్తుంది. చౌరస్తాలో నిలబెట్టాక ఎవరికీ కనబడదు. కనబడకపోయినా, అది పడితేనే ఆ బొమ్మ ఆ ఇంటిది.

“బస్సులే లేవు, వాళ్లెట్లొస్తరు దేవదాసూ? ఫోటో పంపిన గదా. ఇగ తీయి అచ్చు,” అని పాపయ్య ఫోనులో తొందరపెట్టాడు. దేవదాసు తీశాడు.

ఈ కుర్రాడి చెవి వెనక నున్నగా ఉంది.

మక్కల లారీ ఒకటి షెడ్డు ముందు ఆగి, ఇద్దరిని దింపి పోయింది. మెడలో తువ్వాల వేసుకున్న బక్కపలచని మనిషి, వెనక అద్దాల రవిక, మోచేతుల పైదాకా తెల్ల బలియా గాజులు తొడుక్కున్న ఆడమనిషి. చంకలో చిన్న మూట. ఇద్దరి మొహాల మీదా లారీ దుమ్ము ఒకే తీరుగా పడి ఉంది.

“దేవదాసన్న అంటే నువ్వేనా?” అన్నాడు మగమనిషి.

“నేనే. ఏ ఊరు తమ్మీ?”

“కురవి దిక్కు తండా. నా పేరు తావుర్యా. ప్రేమ్‌చంద్ బాపును. ఇది వాని యాడి, కన్నతల్లి, భద్రమ్మ.”

దేవదాసు గరుకు కాగితం చేతిలోనే పట్టుకొని లేచి నిలబడ్డాడు. “మిమ్ముల రమ్మన్నరా ఎవరన్న?”

“ఎవ్వలు రమ్మనలే. ఎల్లుండి సక్కగ మానుకోటకే రమ్మన్నరు. ఇదే ఆగలే. అంగీ సూపియ్యాలె అని ఒకటే లొల్లి.”

భద్రమ్మ అప్పటికే మూట విప్పింది. ఉతికి మడతపెట్టిన ఆకుపచ్చ గళ్ల అంగీ. “గీ రంగు ఎయ్యాలె అన్నా. బొమ్మలకందరికి తెల్లంగి ఏస్తరంట గదా. నా కొడుకు తెల్లంగి ఎన్నడు తొడగలే. బొగ్గు కాడ పనాయె. తెల్లది ఏం నిలుస్తది?”

“ఏస్త చెల్లె. గళ్లు గూడ ఏస్త.” దేవదాసు పక్కకు తప్పుకొన్నాడు.

తండాల్లో చావు తరవాత ఆడవాళ్లు మొదటిసారి కలిస్తే ఒకరి మెడ ఒకరు పట్టుకొని ఏడుస్తారు. ఊరికే ఏడవరు. రాగం తీస్తారు. పోయినవాడు ఏం తిన్నాడో, ఎక్కడ పడి మోకాలు చీరుకున్నాడో, అన్నీ ఆ రాగంలోకి వస్తాయి. భద్రమ్మ బొమ్మ ముందు మోకాళ్ల మీద కూర్చొని రెండు చేతులూ దాని మెడ చుట్టూ వేసింది. బలియాలు సిమెంటుకు తగిలి టకటకలాడాయి. చెంప చెంపకు ఆనించి గొంతెత్తింది. మొదటి మాట సాగింది. చేతులు మెడ మీంచి చెవి మీదికి, చెవి మీంచి దవడ మీదికి పోయాయి.

రాగం అక్కడే తెగిపోయింది.

ఆమె మొహం వెనక్కి తీసుకొని చూసింది. వాళ్ల భాషలో మొగుణ్ని పిలిచి ఏదో అంది. తావుర్యా వంగి చూశాడు. తువ్వాలతో కళ్లు తుడుచుకొని మళ్లీ చూశాడు.

“గిది దినేశ్ గాడు,” అన్నాడు.

“ఎవరు?”

“మా తండా పోరడే. ప్రేమ్‌చంద్ దోస్తు. చెల్పూర్ల కరెంటు ఫ్యాక్టరీ కాడ ఇద్దరిది ఒక్కటే పని.”

“ఎప్పుడు పోయిండు?”

“పోవుడేంది అన్నా? బతికే ఉన్నడు. మొన్న పండుగకు వచ్చి మా ఇంట్లనే గుడాలు తిన్నడు.”

దేవదాసు షెడ్డులోకి పోయి మేకుకు గుచ్చిన ఫోటో తెచ్చాడు. పాపయ్య మనిషి మోటరుసైకిలు మీద తెచ్చిచ్చిన ఫోటో అది. పచ్చ హెల్మెట్టు చంకలో పెట్టుకొని నవ్వుతున్న కుర్రాడు. ఇద్దరు దిగిన ఫోటోను నడిమికి కత్తిరించి ఒక ముక్క పంపారు. పంపినవాడు తప్పు ముక్క పంపాడు. కత్తెర పడిన అంచున పక్కవాడి చెయ్యి వేలెడంత మిగిలింది. దాని మీద ఆకుపచ్చ గళ్లు.

భద్రమ్మ ఆ గళ్ల మీద గోరు పెట్టింది.

“గిది నా కొడుకు,” అంది.

దేవదాసు పాపయ్యకు ఫోను చేశాడు. వెనక ఎక్కడో మైకు నినాదాలు. దేవదాసు విషయమంతా చెప్పాడు.

“మా పిల్లలు కోసిండ్రు పో. ఇగ ఏం జేద్దాం? కరపత్రాలు పంచినం. హైదరాబాద్ నుంచి పెద్దోళ్లొస్తున్నరు. గంత ఎత్తు గద్దె మీద పెట్టినంక మొఖం ఎవడు సూస్తడే? పేరు సూస్తరు. పేరు కరెక్టు ఉన్నదా లేదా?”

“బతికున్న పిల్లగాడన్నా. దండేస్తరు.”

“బతికున్నోళ్లకు దండలు ఏస్తలేరా? నాకు దినాం ఏస్తున్నరు.”

“మిగిలిన ముక్క యాడున్నది?”

“ఊడ్చి పారేసి ఉంటరు. సూడు దేవదాసూ, ఎల్లుండి పొద్దుగాల బండి పంపుత. బొమ్మ ఎక్కాలె. ఎవనిదైనా సరే.” ఫోను పెట్టేశాడు.

తావుర్యా చెవులు అటే ఉన్నాయి. “పోనీ అన్నా,” అన్నాడు నేల చూస్తూ. “పేరు వానిదే రాస్తరు గదా. ఎవ్వలు పట్టిచ్చుకుంటరు.”

భద్రమ్మ అంగీ మడత పెడుతోంది. పెట్టిన మడతే విప్పి మళ్లీ పెడుతోంది. “దినేశ్ యాడి నా ఇంటి పక్కపొంటే ఉంటది. దాని కొడుకుకు దండేపిచ్చి నేను దాని మొఖం ఎట్ల సూడాలె?” అంది. మడత ఆపి, “నా కొడుకు యాడ నిలవడ్డడని సూడవోవాలె?” అంది.

ఇంకో ఫోటో లేదు. రేషను కార్డు మీద ప్రేమ్‌చంద్ తల్లి ఒళ్లో చంటిపిల్లాడు. ఓటరు కార్డు తావుర్యా జేబులోంచి తీసి చూపించాడు గానీ, అందులో నల్లటి మరక తప్ప ఏమీ లేదు. “అండ్ల మనిషున్నడో మేక ఉన్నదో తెల్వది,” అన్నాడు తావుర్యా. నవ్వబోయి ఆగిపోయాడు.

దేవదాసు చేతులు కడుక్కున్నాడు. పెళ్లాం వీరమ్మను పిలిచి వీళ్లకు అన్నం పెట్టమన్నాడు. బండి పెట్రోలు ట్యాంకు ఊపి చప్పుడు విన్నాడు. “దినేశ్ కాడ ఏమన్న దొరుకుతదేమో. నేనొచ్చేదాక మీరు ఈడనే ఉండుండ్రి,” అన్నాడు. “నేను మిమ్ముల పిలవకుంట అచ్చు తీసిన. గది నా తప్పు.”

హన్మకొండ దాటి పరకాల మీదుగా చెల్పూరు దాకా ఆ దారిలో దేవదాసు ఎన్నోసార్లు బొమ్మలేసుకొని తిరిగాడు. ఇప్పుడు గోడ కనబడితే అక్షరమే, కూడలి కనబడితే బొమ్మే. ఎర్ర జాజుతో రాసినవి, బొగ్గుతో గీకినవి, చదువుకున్న పిల్లలు ఒంపులు తిప్పి రాసినవి. ఓ ఊరి కల్లు దుకాణం గోడ మీద ఎవరో రాష్ట్రం పటం గీసి దాని చుట్టూ బంతిపూలు గీశారు. పటం కన్నా పూలు బాగా కుదిరాయి. తెలంగాణ తల్లులు ఊరూరా ఉన్నారు, ఏ ఊరి తల్లికి ఆ ఊరి పోలిక. ఒకామెకు చేతులు పొట్టి, ఒకామెకు మెల్లకన్ను. అయినా కాళ్ల దగ్గర పొద్దున పెట్టిన పూలు వాడకుండా ఉన్నాయి. దేవదాసు వాటి మీద తప్పులు వెతుక్కుంటూ పోయే మనిషి. ఇవాళ అతనికి తప్పులు కనబడలేదు. ప్రతి మొహం దగ్గరా ఒకటే అనుమానం వచ్చింది, ఇది ఇంటివాళ్లు చూసిన మొహమేనా అని.

పరకాల ఇవతల ఒక పల్లెలో అతను చేసిన బొమ్మే ఉంది. పోయిన ఎండాకాలం పెట్టిన ముసలి రైతు బొమ్మ. బండి ఆపి, గద్దె ఎక్కి, చెవి వెనక వేలు పెట్టి చూశాడు. ఆ రైతు భార్య నొక్కిన నొక్కు. నీళ్లు నిలిచి కొంచెం పాచి పట్టింది. గోటితో పాచి గీకి, దిగి, బండి ఎక్కాడు.

చెల్పూరు చౌరస్తాలో వంటావార్పు నడుస్తోంది. రోడ్డు మీదే రాళ్ల పొయ్యిలు, పెద్ద పెద్ద గంజులు, పొగ. బొగ్గుబాయి వాళ్లు, ఫ్యాక్టరీ కూలీలు, టీచర్లు, అందరూ ఉల్లిగడ్డలు కోస్తున్నారు. పక్కన డప్పు మోగుతోంది. ఎవరినీ అడగకుండానే దేవదాసుకు దినేశ్ దొరికాడు. ఓ గంజు ముందు నిలబడి పప్పు తిప్పుతున్నాడు. ఆ దవడ కింద ఎంత మట్టి తీశాడో, ముక్కుదూలం దగ్గర ఎంత మట్టి అతికాడో దేవదాసు వేళ్లకు తెలుసు. పదిహేను రోజులు వేళ్ల కింద ఉన్న మొహం ఇప్పుడు చెమట పోస్తూ, ఎవడినో తిడుతూ, నవ్వుతోంది. పెదవి పక్కన చిన్న పుట్టుమచ్చ ఉంది. ఫోటోలో కనబడలేదు. అరె, అది పెట్టి ఉండాల్సింది అనుకున్నాడు దేవదాసు. అనుకొని, సిగ్గుపడ్డాడు.

“నా బొమ్మనా?” అన్నాడు దినేశ్ గరిటె ఎత్తి పట్టుకొని. పక్కవాళ్లు అందుకున్నారు. “అరే దినేశ్, నీకు విగ్రహం పడ్డదంటరా! ఇగ పైకి పో, ఆలిశం జేయకు!” “వీడు నిలవడితె పిట్టలు గూడ వాలయి.”

అది ఎవరి పేరు మీద పెట్టే బొమ్మో దేవదాసు చెప్పాడు. నవ్వులు ఆగిపోయాయి. దినేశ్ గరిటె గంజులో వదిలేశాడు.

“ఆ ఫోటో నేనే ఇచ్చిన కాకా. రూముల గోడకుండె. వాని పేరు మీద బొమ్మ పెడ్తరంటే తీసిచ్చిన. ఇద్దరున్నరు, ఎవరేందో అడుగుతరనుకున్న. ఎవ్వలడగలే.”

“ఇంకోటి లేదా? గేటు పాసు?”

“అది వాని జేబుల్నే ఉండె. వానితోనే పోయింది.” దినేశ్ అంగీ చేతితో మొహం తుడుచుకున్నాడు. “వాడు ఫోటో అంటే ఉరుకుతుండె కాకా. గది గూడ నేను మెడవట్టి గుంజి దిగిపిచ్చిన.” గొంతు తగ్గించి అన్నాడు, “ఒక పని జేయి. ఉండనీ. నా మొఖమే ఉండనీ. వాని కోసం నేను నిలవడ్డ అనుకుంట. ఏమైతది?”

“ఏందీ, ఉండనిచ్చేది?” వెనక నుంచి ఓ సన్నటి పిల్ల కత్తిపీట మీంచి లేచి వచ్చింది. దినేశ్ పెళ్లాం విజయ. కడుపుతో ఉంది. చేతిలో సగం కోసిన ఉల్లిగడ్డ. “నా మెడల పుస్తె ఉండంగనే నా మొగనికి దండేస్తరా? అగరుబత్తులు ముట్టిస్తరా? రేపు నాకు పుట్టే పిల్ల మానుకోట పోయి, మా బాపు బొమ్మ గిది అని సూడాల్నా? నువ్వు పెద్దమనిషివి, నీకన్న ఎరుక లేదా?”

“గందుకే వచ్చిన బిడ్డా.”

“వచ్చుడు గాదు. అది మార్చు.” ఉల్లిగడ్డ పట్టుకునే కళ్లు తుడుచుకొని ఇంకా మండించుకుంది. “ప్రేమ్‌చంద్ బావ నాకు అన్నం పెట్టకుంట ఎన్నడు తినలే. ఆయనకు బొమ్మ కావాలె. గని నా మొగని మొఖం తోని వద్దు.”

ఎసరు పొంగితే ఎవరో మూత తీశారు. దినేశ్ రోడ్డు మీదే గొంతుకూర్చున్నాడు. “మొఖం చెప్పుమంటే ఏం చెప్పాలె కాకా? మా ఇద్దరికి ఒక్క బండి, వానిదే. రోజు వాని ఎనుక కూసుండి డ్యూటీకి పోయినోణ్ని. నాకు వాని మొఖం కన్న తలకాయ ఎనుక దిక్కే యాదికున్నది. రెండు సుడులుండె. హెల్మెట్ తీసినంక ఎంటికలు పుంజు తోక లెక్క లేస్తుండె. అవి నా కండ్లల్ల గుచ్చుకుంటయని రోజు తిడుతుంటి.” అతను నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో పొగలో తెలియలేదు.

దేవదాసు ఆ పొద్దు వాళ్లతోనే తిని, వాళ్ల రూములోనే నడుం వాల్చి, తెల్లారి ఖాళీ చేతులతో జనగామ తిరిగొచ్చాడు.

వచ్చేసరికి భద్రమ్మ షెడ్డు ముందు ఊడ్చి నీళ్లు చల్లి ఉంది. మరియమ్మ బొమ్మ నీడన కూర్చున్న తావుర్యా అతన్ని చూసి బీడీ ఆర్పేశాడు. ఫోటో దొరకలేదని ఇద్దరికీ దేవదాసు చేతులు చూస్తేనే తెలిసిపోయింది.

“అయితే నువ్వు చెప్పు చెల్లె,” అన్నాడు దేవదాసు, ఓ ముద్ద తడిమట్టి పలక మీద పెట్టి. “నువ్వు చెప్తుంటె నేను చేస్త. ముక్కు ఎట్లుండె?”

“మంచిగుండె.”

“మంచిగంటే? పొడుగా, చప్పిడా?”

“ముక్కు ముక్కు లెక్కనే ఉండె.” ఆమె కళ్లు మూసుకుంది. “జర పొడుగే.” దేవదాసు లాగాడు. “గంత కాదు.” తగ్గించాడు. “గట్ల గూడ కాదన్నా.” దవడ అడిగితే తావుర్యా ఒకటి చెప్పాడు, భద్రమ్మ ఇంకొకటి చెప్పింది. కనుబొమ్మలు అడిగితే ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మట్టి పలక మీద ఎవరో తెలియని కుర్రాడు లేచాడు, పడ్డాడు, మళ్లీ లేచాడు.

పొద్దు నెత్తి మీదికొచ్చేసరికి భద్రమ్మ అరచేతులతో కళ్లు ఒత్తుకుంది.

“వస్తలేదు,” అంది. “నిన్నటిదాక కండ్లు మూస్తే కనవడుతుండె. గీ బొమ్మ సూసినంక నా కొడుకు మొఖం వస్తలేదు. దినేశ్ గాడే వస్తున్నడు.” కళ్ల మీంచి చేతులు తీయలేదు. “కన్నదాన్ని. మరిచిపోతరా అన్నా? గింత జల్ది మరిచిపోతరా?”

తావుర్యా లేచి రోడ్డు దాకా పోయి అక్కడే నిలబడ్డాడు. వీరమ్మ వచ్చి ఆమె పక్కన కూర్చుంది. దేవదాసు మట్టి ముద్దను పిడికిట్లోకి తీసుకొని పిసికాడు. అంతవరకు అడిగిందంతా తాను ముందు నుంచి చూసే మనిషిలా అడిగాడని అప్పుడు తట్టింది.

“చెల్లె,” అన్నాడు. “వానికి తలకు నూనె ఎవలు పెట్టేది?”

“ఇంకెవ్వలు? నేనే. ఉద్యోగం జేసినా ఇంటికొస్తే నా ముంగట కూసుంటుండె.”

“రెండు సుడులంట గదా.”

ఆమె చెయ్యి తనంతట తానే లేచింది. ఎదుట ఎవరూ లేని చోట, కూర్చున్న మనిషి తల ఎంత ఎత్తులో ఉంటుందో అంత ఎత్తులో ఆగింది. బొటనవేలు ఒకచోట తిరిగింది. చిటికెనవేలు ఇంకోచోట తిరిగింది.

“ఒకటి ఈడ,” అంది. “ఒకటి గీడ. ఇది ఇటు తిరుగుతది. గది అటు తిరుగుతది. రెంటి నడుమ ఎంత నూనె పెట్టినా అణగదు.” చెయ్యి కిందికి జారింది. “ఈడ చిన్న సొట్ట. గుంజకు తాకింది, చిన్నప్పుడు. మెడ కాడ ఎంటికలు సన్నగ అయి ఆగుతయి.”

దేవదాసు లేచాడు. ముందు మొహం సంగతి చూడాలి. సుత్తి అందుకోబోతే భద్రమ్మ గబుక్కున అతని చెయ్యి పట్టుకుంది.

“కొట్టకన్నా. బతికున్న పిల్లగాని మొఖం.”

అతను సుత్తి కింద పెట్టాడు. మేకుతో పైపైన గీతలు గీశాడు, తడి పట్టడానికి. సిమెంటు పలచగా కలిపి, దెబ్బ వేయకుండా, కప్పుకుంటూ పోయాడు. చెంపల గుంటలు నిండాయి. ముక్కు కొంచెం వెడల్పయింది. నవ్వుతున్న పెదవులు మూతపడ్డాయి. దినేశ్ ఆ సిమెంటు కింద దెబ్బ తగలకుండా దాక్కున్నాడు. పైన మిగిలిన మొహం ఎవరిదీ కాదు. ఏ తండాలోనైనా, ఏ బస్టాండులోనైనా కనబడి మరిచిపోయే మొహం.

తరవాత బొమ్మను వెనక్కి తిప్పాడు. వెనక సిమెంటును మాత్రం ఉలితో చెక్కి తీసేశాడు. కొత్త సిమెంటులో నల్ల పొడి వేసి, మెత్తగా, చేతికి అంటి అంటనట్టు కలిపి, తల వెనక మందంగా పెట్టాడు. పెట్టి, జరిగాడు.

“నువ్వే చేయాలె.”

“నాకేం వస్తది?”

“నూనె పెట్టు.”

భద్రమ్మ బలియాలు పైకి తోసుకుంది. నీళ్లలో చేతులు ముంచి, తల మీద అరచెయ్యి ఆనించింది. మొదట భయంభయంగా, తరవాత భయం లేకుండా. పాపిడి తీసినట్టు తీసింది, అణిచినట్టు అణిచింది. సుడి దగ్గర వేలు చుట్టూ తిప్పింది. ఒకటి ఇటు. ఒకటి అటు. రెంటి నడుమ వెంట్రుకలు లేచే చోట చిటికెడు సిమెంటు పైకి లాగి వదిలింది. అది అణగలేదు. సొట్ట దగ్గర వేలు ఆగింది. ఆమె పెదవులు కదులుతున్నాయి. వాళ్ల భాషలో, గొంతు లేకుండా, కదలకుండా కూర్చొమ్మని గదుముతోందని దేవదాసు అనుకున్నాడు. మెడ దాకా దిగి, స్నానం చేయించేటప్పుడు మట్టి తుడిచినట్టు, చెవి వెనక బొటనవేలితో గట్టిగా ఒత్తి తుడిచింది.

దేవదాసు ఆమెకు నొక్కమని చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం పడలేదు.

సిమెంటు ఆమె చేతులను కాల్చింది. వీరమ్మ కొబ్బరినూనె తెచ్చి రాస్తుంటే, భద్రమ్మ ఆ నూనె చేతులను బొమ్మ వైపు కొంచెం చాపి, ఇంకా తడి ఆరలేదని గుర్తొచ్చి వెనక్కి తీసుకుంది. తావుర్యా వచ్చి బొమ్మ వెనక చాలాసేపు నిలబడ్డాడు.

“బండి మీద పోతున్నట్టే ఉన్నడు,” అన్నాడు.

మిగిలిన వెలుతురంతా దేవదాసు అంగీకి ఆకుపచ్చ గళ్లు వేశాడు.

మానుకోట చౌరస్తాలో గద్దె నున్నటి నల్లరాయి. దాని మీద పాపయ్య పేరు పెద్దక్షరాల్లో, వచ్చిన పెద్దల పేర్లు కొంచెం చిన్నగా, ప్రేమ్‌చంద్ పేరు వాటి కింద. జనరేటరు దడదడలాడుతోంది. జెండాలు, డప్పులు, బతుకమ్మలెత్తుకున్న ఆడవాళ్లు. హైదరాబాదు నుంచి వచ్చిన పెద్దమనిషి తాడు లాగితే గుడ్డ జారింది. జనం జోహార్లు కొట్టారు.

“అచ్చం ప్రేమ్‌చందే! ప్రాణం ఉన్నట్టే నిలవడ్డడు!” అని మైకువాడు గొంతు చించుకున్నాడు. అతను ప్రేమ్‌చంద్‌ను ఎన్నడూ చూసి ఉండడు.

పాపయ్య దేవదాసు చెవి దగ్గరికి వంగాడు. “మొఖం మార్చినవా?”

“మార్చిన.”

“ఎవనిది?”

“ఎవనిది కాదన్నా.”

పాపయ్య ఇంకోసారి తలెత్తి చూశాడు. “మంచిగొచ్చింది,” అని వేదిక ఎక్కాడు.

ఏ లారీ పట్టుకొని వచ్చారో దినేశ్, విజయ కూడా వచ్చారు. విజయ గుంపును తోసుకుంటూ ముందుకొచ్చి, నడుం మీద చెయ్యి పెట్టుకొని బొమ్మ మొహం చూసింది. మొగుడి మొహం చూసింది. మళ్లీ బొమ్మను చూసింది. అప్పుడు గానీ ఊపిరి వదల్లేదు.

ఇనుప నిచ్చెన ముందుకు వేశారు. పెద్దలు ఒకరి తరవాత ఒకరు ఎక్కి దండలు వేశారు. ఆ మొహం దండలను ఎవరి కోసమో తీసుకున్నట్టు తీసుకుంది. చివరికి పాపయ్య మైకులో, “వీరుణ్ని కన్న తల్లి! భద్రమ్మ! ముందుకు రావాలె, దండ ఎయ్యాలె!” అని పిలిచాడు. ఫోటోలవాళ్లు నిచ్చెన ముందు చేరారు. ఎవరో ఆమె చేతిలో బంతిపూల దండ పెట్టారు.

భద్రమ్మ నిచ్చెన దాకా వచ్చింది. పైకి చూసింది. ఆ ఎవరిదీ కాని మొహం వైపు ఒక్క క్షణం చూసి, దండ తీసి గద్దె మెట్టు మీద పెట్టేసింది.

“దేవదాసన్నా,” అంది. “నిచ్చెన ఎనుకకు పెట్టు.”

“ఎనుకకేంది అవ్వా, ముంగట ఫోటోలు దిగుతున్నరు!” అన్నాడు కమిటీ పిల్లగాడొకడు. దేవదాసు వినలేదు. దినేశ్ రెండో పక్క పట్టుకున్నాడు. ఇద్దరూ నిచ్చెనెత్తి గద్దె చుట్టూ తిప్పి, జెండా లేని, వేదిక లేని, గోడ తప్ప ఏమీ లేని వెనక వైపు ఆనించారు. తావుర్యా చెప్పులు విడిచి అక్కడికొచ్చి నిలబడ్డాడు. ముందు పాపయ్య ఉపన్యాసం ఎత్తుకున్నాడు.

ఆమె ఎక్కింది. కొంగు ముడిలోంచి చిన్న సీసా తీసింది. అరచేతిలో నూనె పోసుకొని, ఎండిన సిమెంటు సుడుల మీద అద్దింది. రెంటి నడుమ లేచిన చోట ఇంకొంచెం అద్దింది. అది అణగలేదు. ఆమె రెండు చేతులూ మెడ చుట్టూ వేసి చెంప ఆ తల వెనక ఆనించింది. బలియాలు టకటకలాడాయి.

“మార బేటా...”

నా కొడుకా అనే ఆ పిలుపుతో, షెడ్డు ముందు తెగిపోయిన రాగం అక్కడి నుంచే మొదలైంది. మైకులో ఉపన్యాసం కాసేపు దాన్ని దాటి పోవాలని చూసింది. ఏదో మాట దగ్గర తడబడి ఆగింది. జనరేటరు చప్పుడు మిగిలింది, ఆ చప్పుడు మీద ఆమె గొంతు.

దేవదాసు నిచ్చెన కాళ్లు రెండు చేతులతో పట్టుకొని ఉన్నాడు. పైకి చూస్తే పగిలిన మడమలు తప్ప ఆమె మొహం కనబడదు. చూడాలని అతను ప్రయత్నించలేదు. ఇనుము వణుకుతోంది. ఆ వణుకు మెట్టు మెట్టూ దిగి అతని అరచేతుల్లోకి వస్తోంది. అతను పట్టు ఇంకొంచెం బిగించాడు.

ఎదురుగా దినేశ్ తలెత్తి, రోజూ డ్యూటీకి పోతూ చూసినట్టు, ప్రేమ్‌చంద్‌ను చూస్తున్నాడు.